మిరుగం నాడు బంగారు తీగ

ఈ జూన్ 8, ఆదివారం పొద్దున ఏడింటికి మూడు కిలోల పైన ఉన్న బంగారు తీగ ఒకటి నా గాలానికి పడింది. ఫొటో తీసుకుని దాన్ని నీళ్లలో వదిలేశాను. వెనకాల బెంచీ మీద కూర్చున్న మా అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. భయం వేసింది. మా అమ్మ తిట్టలేదంటే ఏదో పెద్ద తప్పే చేశానని లెక్క.

ఆ రోజు మృగశిర కార్తె. మా అమ్మ భాషలో మిరుగం. తెలంగాణ వాళ్లకు ఇక చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు ఒక్క మాట: ఎండలు పోయి వానలు మొదలయ్యే ఆ రోజు చేప తినాలి. తినని ఇళ్లలో ఇంగువ, బెల్లం కలిపి నోట్లో వేసుకుంటారు. మా ఇంట్లో ఎప్పుడూ చేపే. పొద్దున్నే నాన్న చెరువు కట్టకు వెళ్లి, వరుసలో నిలబడి, తువ్వాలలో చుట్టుకుని తెచ్చేవాడు. ఆయన పోయాక అమ్మ నా దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. కరెక్టుగా ఆ రోజే, ఆమె కళ్ల ముందే, ఆ చేపనే నేను నీళ్లలోకి నెట్టాను.

కాస్త వెనక్కి వెళ్దాం. లేకపోతే నేనొక్కడినే విలన్‌లా కనిపిస్తాను.

నేనుండేది టెక్సస్‌లోని ఆస్టిన్‌లో. ఊరి నడిబొడ్డున లేడీ బర్డ్ లేక్ ఉంటుంది. పేరుకే లేక్. అసలది కొలరాడో నది మీద 1960లో లాంగ్‌హార్న్ డ్యామ్ కట్టి ఆపిన నీళ్లు. ఈ కొలరాడో వేరు, గ్రాండ్ కాన్యన్‌ను కోసిన కొలరాడో వేరు. నేనూ మొదటి ఏడాదంతా రెండూ ఒకటే అనుకున్నాను. మొదట్లో దీన్ని టౌన్ లేక్ అనేవాళ్లు. మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్ జాన్సన్ 2007లో చనిపోయాక ఆమె పేరు పెట్టారు. చుట్టూ పది మైళ్ల నడక దారి, ఒడ్డు పొడుగునా సైప్రెస్ చెట్లు. ఈత కొట్టకూడదు, పెట్రోలు మోటారు పడవలు తిప్పకూడదు. సాయంత్రమైతే కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద నుంచి గబ్బిలాలు లక్షల్లో బయటికొస్తాయి. మన ట్యాంక్‌బండ్‌ను గుర్తు తెచ్చుకోండి, ఆ వాసన మాత్రం తీసేయండి.

ఈ నీళ్లలో నేను చేసేది ఫ్లై ఫిషింగ్. ఈ మాట వినగానే సినిమాల్లో చూసిన మంచు కొండలు, గలగల పారే ఏరు, అందులో ట్రౌట్ చేప గుర్తొస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. అద్దాల బిల్డింగుల నీడలో, బస్సుల చప్పుడు వింటూ, బాస్ చేపలకూ కార్ప్ చేపలకూ వేసే గాలం ఇది. ఖరీదైన పడవ అవసరం లేదు, ఒడ్డు మీద నిలబడితే చాలు. టెక్సస్‌లో ఉంటున్నవాళ్లకు మంచినీళ్ల చేపల లైసెన్సు ఏడాదికి 30 డాలర్లు, 17 ఏళ్లు నిండితే తీసుకోవాల్సిందే.

ఫ్లై ఫిషింగ్‌లో తిరకాసు ఎక్కడుందంటే, మామూలు గాలంలో బరువు ఎరకో, దానికి కట్టిన సీసపు గుండుకో ఉంటుంది. విసిరితే ఆ బరువు ఎగిరిపోతూ దారాన్ని వెంట లాక్కెళ్తుంది. ఫ్లైలో అంతా ఉల్టా. ఎర అంటే ఈకలు, బొచ్చు, రంగు దారం కలిపి చిన్న కొక్కేనికి చుట్టిన బొమ్మ పురుగు. ఊదితే ఎగిరిపోతుంది, దాన్ని విసరడం ఎవరి వల్లా కాదు. అందుకే బరువును దారంలోనే పెట్టారు. లావుగా, ప్లాస్టిక్ పూతతో ఉండే ఆ లైన్‌ను తొమ్మిది అడుగుల కర్రతో కొరడాలా గాల్లో ఆడిస్తే, లైన్ వెళ్తూ పురుగును మోసుకెళ్తుంది. ముందు కర్రను వెనక్కి లేపి ఆపాలి. లైన్ వెనకాల గాల్లో పూర్తిగా చాపుకునేదాకా ఆగాలి. అప్పుడే ముందుకు ఊపాలి. కొత్తవాళ్లకు చేతకానిది ఆ ఆగడమే. చెయ్యి తొందరపడుతుంది, లైన్ మెడకు చుట్టుకుంటుంది. నా జీతంలో కొంత భాగం ఇప్పటికీ ఆ సైప్రెస్ కొమ్మల్లో వేలాడుతూనే ఉంది. వెనకాల జాగింగ్ చేసేవాళ్లు ఉంటారు కాబట్టి విసిరే ముందు ప్రతిసారీ తిరిగి చూసుకోవాలి. వెనక జాగా లేని చోట రోల్ కాస్ట్ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో లైన్‌ను వెనక్కి ఎగరనివ్వకుండా నీళ్ల మీదే చుట్టలా తిప్పి ముందుకు పంపిస్తాం. సిటీలో చేపలు పట్టాలనుకుంటే ముందు నేర్చుకోవాల్సింది అదే.

బాస్‌తో నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. ఎందుకంటే అది మన కొర్రమీనుకు వరసకు తమ్ముడిలాంటిది. చుట్టరికం లేదు గానీ గుణం అదే. ఒడ్డున నాచు దగ్గరో, పడిపోయిన మాను కిందో నక్కి ఉంటుంది. పిల్లలకు కాపలా కాస్తుంది. నీళ్ల మీద కప్పలాంటిది ఏది కదిలినా తట్టుకోలేదు. తెల్లారకముందే పాపర్ అనే తేలే బొమ్మను అంచుకు విసిరి, రెండు క్షణాలు ఊరుకుని, ఒక్కసారి సన్నగా లాగితే చాలు, గుబుక్కుమని నోరు తెరిచి మింగుతుంది. అప్పుడు కర్ర పైకి లేపొద్దు, లైన్‌ను చేత్తో గట్టిగా వెనక్కి లాగాలి. ఆ చప్పుడు కోసమే నాలాంటి వాళ్లు ఆదివారం ఐదింటికి లేస్తారు.

ఇక్కడో విచిత్రం ఉంది. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కదా. అమెరికాలో దాని వంశం మొత్తం మీద కేసుంది. 2002లో మేరీల్యాండ్‌లోని ఒక కుంటలో స్నేక్‌హెడ్ చేపలు బయటపడ్డాక, ఆ జాతిని బతికున్నది దేశంలోకి తేవడాన్నీ, రాష్ట్రం దాటించడాన్నీ నిషేధించారు. టెక్సస్‌కూ ఒక రాష్ట్ర చేప ఉంది, గ్వాడలూప్ బాస్, 1989 నుంచి. దాని ఫొటో టీషర్టుల మీద వేసుకుంటారు. ఏ ఊళ్లో పుట్టామన్న దాన్నిబట్టి చేపలకైనా ఒక చోట సన్మానం, ఇంకో చోట కేసు.

అసలు కథ కార్ప్‌ది. మన బంగారు తీగే. ఇంగ్లిష్‌లో కామన్ కార్ప్. మన చెరువుల్లో బొచ్చె, రవ్వలతో పాటు దీని పిల్లల్నీ వదులుతారు. అమెరికాలో గాలం పట్టేవాళ్లలో చాలామంది దీన్ని ట్రాష్ ఫిష్ అంటారు, అంటే చెత్త చేప. తెలియక వచ్చిన చేప కూడా కాదు. ప్రభుత్వమే పిలిచింది. 1877లో అమెరికా ఫిష్ కమిషన్ జర్మనీ నుంచి 345 కార్ప్ చేపల్ని తెప్పించి, బాల్టిమోర్‌లోని డ్రూయిడ్ హిల్ పార్కు కుంటల్లో పెంచింది. జనానికి చవగ్గా మంచి తిండి దొరుకుతుందని లెక్క. తర్వాత రైళ్లలో రాష్ట్రాలన్నింటికీ పంపారు, జనం కూడా అడిగి మరీ తీసుకున్నారు. కొన్నేళ్లకే మాట మారింది. ఇది అడుగున బురద తవ్వుతుంది, నీటి మొక్కల వేళ్లు లేపేస్తుంది, తేట నీళ్లను మురికి చేస్తుంది. ఆ ఫిర్యాదు అబద్ధం కాదు. చాలా చెరువులు అలాగే పాడయ్యాయి. కానీ పిలిచినవాడిని వదిలేసి, వచ్చినవాడిని తిట్టడం నాకు ఎందుకో నచ్చదు. వీసా మీద ఉన్నవాడిని, నాకు అలాగే అనిపిస్తుంది, తప్పనుకోకండి. మనకైనా ఇది చుట్టపు చూపుగా వచ్చిందే. 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకూ, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కూ తెచ్చారు. మనం దానికి బంగారం అని పేరు పెట్టి పులుసు చేసుకున్నాం.

చెత్త చేప అని తిట్టే వాళ్లను ఒక్కసారి దీన్ని ఫ్లైతో పట్టమనండి. నాకు మొదటిది పడటానికి ఏడు నెలలు పట్టింది.

ముందు దానికి చెవులు ఎక్కువ. లోపల గాలి తిత్తికీ చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, నీళ్లలో సన్నని అదురు కూడా దాని వెంట చెవికి చేరుతుంది. ఒడ్డున కాలు గట్టిగా పెట్టామా, ఇక అంతే. రెండోది, అది బాస్‌లా ఎగబడదు. నెమ్మదిగా బురద కెలుకుతూ, మీసాలతో తడిమి, నోటితో పీల్చి, నచ్చకపోతే ఊసేస్తుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. గాలానికి ఏ గుంజుడూ తెలియదు. కళ్లతో చూసి పట్టాలి. లోతు తక్కువ చోట బురద పొగలా లేస్తుంటే, అందులోంచి తోక కనిపిస్తుంటే, అది తింటున్నట్టు. ఎరను దాని నెత్తి మీద వేస్తే బెదిరిపోతుంది. కాస్త ముందుకు వేసి, నీళ్లపైన మెల్లగా లాక్కొచ్చి, సరిగ్గా మూతి ముందు అడుగుకు దించాలి. అప్పుడు తల వంచితే, మూతి తెల్లగా ఒకసారి తెరుచుకుంటే, లాగాలి. ఆలస్యమైతే ఉమ్మేస్తుంది, తొందరపడితే పారిపోతుంది. ఏప్రిల్‌లో మాత్రం కాస్త సులువు. ఒడ్డున మల్బరీ చెట్ల పండ్లు నీళ్లలో రాలుతుంటాయి, బంగారు తీగలు కిందికి చేరి నోళ్లు తెరుచుకుని నిలబడతాయి. ఊదా రంగు ఊలుతో మల్బరీ పండులాంటి ఫ్లై చుట్టుకుని, పండు రాలినట్టే టప్పున పడేయాలి. పురుగును కాదు, పండును గాలానికి కట్టడమన్నమాట. నా మొదటి చేప అలాగే పడింది. రీల్ మీది లైన్ మొత్తం లాక్కుని, అడుగున చుట్టిన సన్న దారం కూడా సగం పట్టుకుపోయింది. నా చేతులు ఆ రోజు మధ్యాహ్నం దాకా వణికాయి.

పట్టినవి అన్నీ వదిలేస్తాను. దానికో కారణం కూడా ఉంది. ఇది సిటీ నీళ్లు. వాన పడితే రోడ్ల మీది మురికంతా ఇందులోకే వస్తుంది. క్లోర్డేన్ అనే చెదల మందు చేపల్లో చేరిందని 1999 దాకా ఇక్కడి చేపలు తినొద్దన్నారు. తర్వాత ఆ మాట ఎత్తేశారు గానీ నాకు అలవాటు మిగిలింది. వదిలే పద్ధతి కూడా శ్రద్ధగా నేర్చుకున్నాను. చెయ్యి తడుపుకోవాలి, లేకపోతే చేప ఒంటి మీది జిగురు పోతుంది. కొక్కెం ముల్లును ముందే నొక్కేసుకోవాలి. పొడి నేల మీద పెట్టకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లు కాగినప్పుడు అసలు పట్టకూడదు. ఇవన్నీ పాటిస్తానని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఉండేది అని ఎందుకు రాశానంటే, మళ్లీ జూన్ 8కి రావాలి.

నేను వదిలేసిన చేప తోక కొట్టి వెళ్లిపోయింది. అమ్మ మాట్లాడలేదు. సంచిలోంచి పల్లీలు తీసుకుని తింటోంది. నేనూ ఏమీ తెలియనట్టు కొక్కెం సర్దుకుంటున్నాను.

మాకు ఇరవై గజాల అవతల ఇరవై ఏళ్లుండే ఒక అబ్బాయి మామూలు గాలం వేసుకుని కూర్చున్నాడు. మొక్కజొన్న గింజలు ఎర. జెల్లల కోసమట. కాసేపటికి కర్ర వంగింది. లేచి లాగితే బంగారు తీగ, కిలోన్నర ఉంటుంది. మొహం చిట్లించి, కొక్కెం పీకి, వెనకాల గడ్డిలోకి విసిరేశాడు. అది గడ్డిలో ఎగిరెగిరి పడుతోంది. అతను మళ్లీ గింజలు గుచ్చుకుంటున్నాడు.

నేను ఇలాంటిది చూడటం అదే మొదటిసారి కాదు. తినడానికి పనికొచ్చే చేపను పట్టి అలా చావడానికి వదిలేయడం టెక్సస్ నియమాల ప్రకారం తప్పు. ఆ నియమం నాకు తెలుసు. ప్రతిసారీ కోపం వస్తుంది, ప్రతిసారీ ఊరుకుంటాను. ఎవరి దగ్గర ఏముంటుందో తెలియదు, మన స్టేటస్ మనకు తెలుసు, ఎందుకొచ్చిన గొడవ అని. ఇన్నేళ్లలో ఒక్కరికి కూడా చెప్పలేదు.

అమ్మ లేచింది. చీర కొంగు నడుముకు దోపుకుని నేరుగా ఆ అబ్బాయి దగ్గరికి నడిచింది. నేను వెనక పరుగెత్తేసరికే అడగడం కూడా అయిపోయింది.

"నాకిస్తవా బిడ్డా, గీ చాప?"

తెలుగులోనే. చేపను చూపించి, తనను చూపించుకుంది. ఆ అబ్బాయి చెవిలోంచి ఇయర్‌బడ్ తీసి నా వైపు చూశాడు. చెప్పాను. అతనికి ఆశ్చర్యమేసింది, దీన్ని మీరు తింటారా అన్నాడు.

"ఏమంటుండు?"

"ఇది తింటారా అని అడుగుతున్నాడమ్మా."

"తినక? వాళ్లమ్మ వండదా అడుగు."

అది మాత్రం నేను అనువదించలేదు. అతను నవ్వి, తీసుకోండి అన్నాడు. ఇక్కడ నా చాదస్తం బయటపడింది. ఇంకొకరు పట్టిన చేప మన దగ్గర ఉంటే, పట్టినవాడి పేరు, లైసెన్సు నంబరు, తేదీ, చోటు రాసిన కాగితం ఉండాలని టెక్సస్‌లో రూలుంది. అడిగితే తిట్టుకుంటాడేమో అనుకున్నాను. బర్గర్ బిల్లు వెనకాల రాసి ఇచ్చాడు. అమ్మ ఈలోగా చేపను తలకాయ దగ్గర ఒక్క దెబ్బ కొట్టి, దాని బాధ తీర్చి, సంచిలో వేసింది. ఎంత వేగంగా అంటే, నేను నా చేపతో ఫొటో దిగడానికి పట్టిన టైమ్‌లో సగం కూడా కాదు.

ఇంటికొచ్చాక వంటగది పొలుసులతో నిండిపోయింది. ఫ్రిజ్ తలుపు మీద, టోస్టర్ మీద, నా ఆఫీసు ల్యాప్‌టాప్ మీద కూడా. ఆమె ఉప్పు, పసుపు పట్టిస్తుంటే నేను ఫోన్‌లో రాష్ట్ర ఆరోగ్య శాఖ వాళ్ల హెచ్చరికల జాబితా ఇంకోసారి చూసుకున్నాను. మీరూ మీ ఊరి చేప వండే ముందు చూసుకోండి, అది చెరువుకో తీరుగా ఉంటుంది. బురద వాసన పోవడానికి మజ్జిగలో నానబెట్టింది. చింతపండు, మెంతులు, ఎల్లిగడ్డ, ధనియాల పొడి. ఇంగువ వాసన రాగానే పొగ అలారం మోగింది. నేను కుర్చీ ఎక్కి తువ్వాలతో విసురుతుంటే కింది నుంచి అమ్మ అడిగింది.

"పట్టుకున్న చాపను ఇడిసిపెట్టుడేందిరా?"

చెప్పాను. తడి చెయ్యి, ముల్లు లేని కొక్కెం, మళ్లీ పెరుగుతుంది, ఇంకొకరికి దొరుకుతుంది, అది బతుకుతుంది అని.

"బతుకుతది, సరే. దాని నోరు నొయ్యదా?"

అలారం ఆగింది. నేను కుర్చీ మీదే ఉన్నాను. ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మీ నాయిన కూడ పట్టేటోడు, వాగుల. ఇంటికి గావాలంటేనే పట్టేటోడు. ఆట కోసం ఎన్నడు పట్టలేదు," అంది. ఇంకేమీ అనలేదు. గరిట తిప్పుతోంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. చేపకు నొప్పి తెలుస్తుందా లేదా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, ఆ వాదన వెనక దాక్కోవచ్చు. దాక్కోలేదు. మానేశానా అంటే, అది కూడా లేదు. కానీ ఆ రోజు నుంచి ఒకటి పడితే చాలనుకుంటున్నాను, రెండోదానికి విసరట్లేదు. ఫొటో కూడా మానేశాను. ఇది చాలదని నాకు తెలుసు.

కూర బాగుంది. బంగారు తీగకు ముళ్లు ఎక్కువ, రెండు కొమ్మల ముళ్లు కండలో అడ్డంగా ఉంటాయి. అమ్మ వేళ్లతో ఒక్కొక్కటీ తీసి నా ప్లేటులో కండ మాత్రమే పెట్టింది. నా వయసు ముప్పై ఒకటి. వద్దనలేదు. ఇంకో గిన్నెలో కాస్త తీసి నాన్న ఫొటో ముందు పెట్టింది.

తర్వాతి ఆదివారం నేను లేచేసరికే అమ్మ తయారై తలుపు దగ్గర చెప్పులేసుకుని నిలబడింది. భుజానికి కూరగాయల సంచి, అందులో ఐస్ వేసిన డబ్బా.

"నీ చాప నువ్వు ఇడిసిపెట్టుకో," అంది. "ఆ పిలగాడొస్తడా ఇయ్యాల?"